ఆకు వేరు, సీసాలోని నూనె వేరు

"రోజ్‌మేరీ నీళ్ళు తలకు పట్టిస్తే జుట్టు ఊడడం ఆగుతుందా డాక్టరు గారూ?" ఈమధ్య మా ఓపీలో తల్లులూ, కాలేజీ అమ్మాయిలూ తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. కొన్నేళ్ళ క్రితం వరకు ఈ పేరు మన చుట్టుపక్కల పెద్దగా ఎవరికీ తెలియదు. ఇప్పుడు కండ్లకోయలో మందుల షాపుకు వెళితే స్ప్రే సీసా కనిపిస్తుంది. మేడ్చల్ దారిలో నర్సరీకి వెళితే కుండీలో మొక్క కనిపిస్తుంది. ఇక ఫోనులో వచ్చే వీడియోలకు లెక్కే లేదు. జుట్టు సంగతి తరువాత చెబుతాము. దానికంటే ముందు మాట్లాడుకోవలసినది ఇంకొకటి ఉంది. వాసన గల మొక్కలను ఇంటి వైద్యంలో ఎంతవరకు వాడవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది. మా అభిప్రాయం దాచకుండా మొదటే చెబుతున్నాము. ఆకును ఇంటి మనిషిలా చూసుకోవచ్చు. అదే ఆకు నుండి తీసిన నూనెను మాత్రం బీరువాలో తాళం వేసి పెట్టే మందులా చూడాలి. ఈ తేడా తెలియక ఆసుపత్రికి పరుగెత్తుకొని వచ్చే కుటుంబాలను చూస్తున్నాము కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాము.

రోజ్‌మేరీ మన దేశపు మొక్క కాదు. మధ్యధరా సముద్ర తీరంలోని రాతి గుట్టల మీద పెరిగే పొద. ఆకులు సూదుల్లా సన్నగా, పైన ముదురు ఆకుపచ్చగా, అడుగున తెల్లటి నూగుతో ఉంటాయి. పూలు లేత నీలం. పేరులో 'మేరీ' ఉంది కదా, మరియమ్మకు సంబంధించినదేమో అని ఒక అమ్మగారు మమ్మల్ని అడిగారు. అది లాటిన్ మాట. 'సముద్రపు మంచు బిందువు' అని అర్థం. ఈ మొక్క పేరు బైబిలులో ఎక్కడా లేదు. బైబిలులో మనం చదివే హిస్సోపు వేరే మొక్క. అది పాలస్తీనా కొండల్లో రాళ్ళ సందుల్లో పెరిగే ఒక రకం మరువం అని పండితులలో ఎక్కువమంది భావిస్తున్నారు. మన ఆడవాళ్ళు మల్లెపూలతో కలిపి జడలో పెట్టుకునే మరువానికి అది దగ్గరి చుట్టం.

చుట్టరికం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాము. రోజ్‌మేరీ, తులసి, పుదీనా, మరువం, వాము ఆకు, వాగుల పక్కన పెరిగే వావిలి, ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. లేత కాడను వేళ్ళ మధ్య దొర్లించి చూడండి, గుండ్రంగా కాక నాలుగు పలకలుగా తగులుతుంది. ఆకులు ఎదురెదురుగా జతలుగా ఉంటాయి. రోజ్‌మేరీ ఆకు నలిపితే నీలగిరి తైలం, కర్పూరం కలిసిన వాసన వస్తుంది. అందులో వింత లేదు. నీలగిరి తైలంలో ఉండే సినియోల్ అనే పదార్థమూ, కర్పూరమూ రెండూ దాని ఆకులో ఉన్నాయి. 1958లో ఇటలీ రసాయన శాస్త్రజ్ఞులు రోజ్‌మేరీ నుండి వేరు చేసి దాని పేరే పెట్టిన రోజ్‌మేరినిక్ ఆమ్లం మన తులసిలోనూ, పుదీనాలోనూ ఉంది. కాబట్టి పరదేశం నుండి వచ్చిన ఈ మొక్కలో మన పెరట్లో దొరకని అద్భుతమేదో ఉందనుకోనవసరం లేదు.

కండ్లకోయ వాళ్ళకు సువాసన మొక్కలు చూడడానికి నర్సరీకి వెళ్ళవలసిన పని కూడా లేదు. రింగు రోడ్డు పక్కన అటవీ భూమిలో ఆక్సిజన్ పార్కు ఉంది. పొద్దున్నే నడకకు వెళ్ళేవారికి చెట్ల గాలి తగులుతుంది. బీపీ, షుగరు ఉన్న మా రోగులను అక్కడికో, ఊళ్ళో వీలున్న చోటికో రోజూ అరగంట నడవమని చెబుతుంటాము. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఎర్ర చెల్కల్లో, బండరాళ్ళ మధ్య, ప్లాట్లు చేసి వదిలేసిన జాగాల్లో వానలు పడ్డాక చూడండి. నడుము ఎత్తున శీర్ణ తులసి మొలిచి ఉంటుంది. ప్యాంటుకు రాసుకుంటే చాలు, ఘాటైన వాసన అంటుకుంటుంది. ఇది కూడా అమెరికా ఖండం నుండి వచ్చి మన నేలను ఆక్రమించినదే. వాగు గట్టున వావిలి ఉంటుంది, చేతి వేళ్ళలా మూడు నుండి ఐదు ఆకులు, నీలపు గుత్తులు. కంచె పొడవునా పులికంప, అంటే లంటానా.

మేకల మందను తోలుకెళ్ళే వారిని ఒక మాట అడిగి చూడండి. ఎదురుగా పచ్చగా ఉన్నా శీర్ణ తులసిని మేక ముట్టదు. ఆ వాసన ఉన్నది అందుకే. మొక్క కదల్లేదు, పారిపోలేదు. అందుకని ఆకు మీద కంటికి కనిపించనంత చిన్న నూనె తిత్తులు పెట్టుకొని, పురుగునూ పశువునూ దూరంగా ఉంచుతుంది. మనకు సువాసనగా అనిపించేది పురుగుకు విషం. మోతాదు పెరిగితే మనిషికీ అంతే. 'చెట్టు నుండి వచ్చింది కదా, ఏం కాదులే' అనే మాట మేము రోజూ వింటాము. గన్నేరు కూడా చెట్టే కదా అని అడిగితే అప్పుడు ఆలోచిస్తారు.

పులికంప విషయంలో ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాము. 1800ల తొలినాళ్ళలో పూల అందం కోసం కలకత్తా వృక్షోద్యానానికి తెచ్చిన ఈ మొక్క ఇప్పుడు దేశమంతా పాకింది. దాని ఆకు తిన్న పశువులకు కాలేయం దెబ్బతింటుంది, ఎండ తగిలితే చర్మం పుండ్లు పడుతుంది. పిల్లలు ఆడుకుంటూ దాని కాయలు కోసుకుంటారు. పచ్చి కాయలు తింటే వాంతులు, విరేచనాలు, మగత రావచ్చు. సెలవుల్లో పిల్లలను ఊరి బయటికి వదిలే తల్లిదండ్రులు ఈ ఒక్క పొదను వారికి చూపించి ఉంచండి.

వావిలికి మాత్రం మా ఓటు ఉంది. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం చేయించడం మన అమ్మమ్మల నాటి పద్ధతి. ఒళ్ళు నొప్పులకు హాయిగా ఉంటుంది, మేము వద్దనము. ఆపరేషన్ అయినవారు కుట్లు మానేదాకా ఆగాలి, నీళ్ళు మరీ సలసలా ఉండకూడదు, అంతే. పడిశం పట్టినప్పుడు పెద్దవాళ్ళు ఆవిరి పట్టుకోవచ్చు. పసిపిల్లలను మాత్రం మరిగే గిన్నె ముందు దుప్పటి కప్పి కూర్చోబెట్టకండి. గిన్నె ఒరిగి తొడలు, పొట్ట కాలిన పిల్లల బాధ ఆ పడిశం కంటే వంద రెట్లు ఎక్కువ. దోమలకు వావిలాకు పొగ వేసే అలవాటు ఉన్నవారు, ఇంట్లో ఉబ్బసం రోగి గానీ నెలల పిల్లలు గానీ ఉంటే మానుకోవాలి. పొగ ఏ ఆకుదైనా ఊపిరితిత్తులకు పొగే. దోమతెర కొనుక్కోండి.

ఇంతవరకు ఆకు సంగతి. ఇప్పుడు సీసా సంగతికి వస్తాము.

ఆకులను బట్టీలో వేసి కింద నుండి ఆవిరి పంపితే, నూనె ఆ ఆవిరితో పాటు పైకి లేచి, చల్లారినప్పుడు నీటి మీద తేలుతుంది. రోజ్‌మేరీ వంటి మొక్కల్లో వంద కిలోల ఆకు వేస్తే దొరికేది సుమారు ఒక కిలో నూనె, చాలాసార్లు అంతకంటే తక్కువే. అంటే చారులో నాలుగు ఆకులు వేసుకున్నప్పుడు మనకు అందేది ఒక చుక్కలో ఎన్నో వంతు కూడా కాదు. సీసా నుండి చెంచాలోకి వంపితే గంపెడు ఆకు ఒక్కసారిగా ఒంట్లోకి పోయినట్లే. ఒక టీస్పూను నీలగిరి తైలం మింగినా పసిబిడ్డకు మగత కమ్మవచ్చు, ఫిట్స్ రావచ్చు, ఊపిరి తీసుకోవడం కష్టం కావచ్చు. కర్పూరం ఇంకా ప్రమాదం. ఒక గ్రాము కర్పూరం చిన్నపిల్లల ప్రాణం తీసిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. ఈ కారణంగానే అమెరికా ప్రభుత్వం 1980ల మొదట్లో పూత మందుల్లో కర్పూరం 11 శాతానికి మించకూడదని నిబంధన పెట్టింది. మన ఇళ్ళల్లో కర్పూరం బిళ్ళలు పిల్లల చేతికి అందే గూట్లోనే ఉంటాయి, చూడడానికి పిప్పరమెంటు బిళ్ళల్లాగే ఉంటాయి.

పెద్దవాళ్ళకు ఏమీ కాదా అంటే అవుతుంది. దక్షిణ భారతదేశంలోని కొన్ని ఆసుపత్రుల నాడీ వైద్యులు కలిసి నాలుగేళ్ళ పాటు పెద్దవయసు రోగులను పరిశీలించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఫిట్స్‌తో వచ్చిన 350 మందిలో 55 మందికి ఆ ఫిట్స్‌కు సుగంధ తైలాలతో సంబంధం ఉన్నట్లు తేలింది. దాదాపు అన్నింటిలోనూ ఉన్నవి నీలగిరి తైలం, కర్పూరమే. వారంతా మింగినవారు కాదు, వాసన పీల్చినవారు, ఒంటికి రాసుకున్నవారు కూడా ఉన్నారు. కొందరికి అంతకు ముందు ఎప్పుడూ ఫిట్స్ లేవు. మూర్ఛ మందులు సరిగ్గా వాడుతూ కూడా మళ్ళీ ఫిట్స్ వచ్చిన రోగిని 'నిద్ర సరిగ్గా పోయావా, మాత్ర మరిచిపోయావా' అని అడగడం మామూలే. 'తలనొప్పికి ఏ బామ్ రాసుకుంటున్నావు' అని కూడా అడగాలని ఆ వైద్యులు చెప్పినది మాకు చాలా విలువైన మాటగా తోచింది. మీరు అడిగించుకునే వరకు ఆగకండి, మీరే చెప్పండి. రోజ్‌మేరీ నూనెలో కూడా కర్పూరం ఉంది కాబట్టి మూర్ఛ ఉన్నవారు దానికి దూరంగా ఉండాలి. గర్భిణీలు కూడా అంతే. కూరలో వేసిన ఆకుతో భయం లేదు, నూనె మాత్రం వద్దు.

మన హైదరాబాదులో 1920 నుండి తయారవుతున్న జిందా తిలిస్మాత్ తెలియని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. దానిలో ముఖ్య భాగం నీలగిరి తైలమే. అది కాకుండా రకరకాల బామ్‌లు, చుక్కల మందులు, ఇన్‌హేలర్లు ప్రతి ఇంట్లో రెండు మూడు ఉంటాయి. మేము ఏ కంపెనీ మందునూ తప్పు పట్టడం లేదు. అట్ట మీద రాసినది చదవమంటున్నాము. ఎంత వాడాలి, ఏ వయసు వారికి వాడాలి అన్నది చూడకుండా, పెద్దవాళ్ళు వాడేదే బిడ్డకూ రాసేస్తే ప్రమాదం. రెండేళ్ళలోపు పిల్లల ముక్కు దగ్గర, ముఖం మీద కర్పూరం, మెంథాల్ ఉన్న ఏ బామూ రాయకండి. ముక్కు మూసుకుపోతే ఉప్పునీటి చుక్కలు చాలు, అవి మందుల షాపులో దొరుకుతాయి.

2021 ఏప్రిల్, మే నెలలు గుర్తున్నాయా? పడకల కోసం, సిలిండర్ల కోసం జనం అల్లాడుతున్న రోజుల్లో కర్పూరం, లవంగం, వాము, నీలగిరి తైలం చుక్కలు మూటకట్టి వాసన చూస్తే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుందని ఫోన్లలో తిరిగింది. అది నిజం కాదు. ఆ వాసనకు ముక్కులో చల్లదనం తెలుస్తుంది, గాలి బాగా ఆడుతున్నట్లు అనిపిస్తుంది. ఊపిరితిత్తుల్లో మార్పేమీ ఉండదు. అలా హాయిగా అనిపించడమే ఆ రోజుల్లో ముప్పు తెచ్చింది. మూట చేతిలో పట్టుకొని ఇంట్లోనే కూర్చుండిపోయినవారు ఉన్నారు.

దగ్గు విషయంలో ఇప్పటికీ అదే జరుగుతోంది. తులసి, మిరియాల కషాయం తాగండి, వాము ఆకు రసం తేనెలో కలిపి పట్టండి, ఏడాది దాటిన పిల్లలకు తప్పు లేదు. కానీ రెండు వారాలు దాటిన దగ్గు ఇక కషాయం దగ్గు కాదు. గళ్ళ పరీక్ష చేయించుకోవాలి. క్షయ పరీక్షా, మందులూ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మూడు నెలలు కషాయంతో నెట్టుకొచ్చి, బరువు సగానికి తగ్గి, ఇంట్లో పిల్లలకు కూడా అంటించి వచ్చేవారిని చూస్తే మాకు కోపం వస్తుంది. రోగి మీద కాదు, 'ఇంకో వారం తాగి చూడు' అని చెప్పిన ఇరుగుపొరుగు మీద.

సరే, జుట్టు. ఇరాన్‌లో 100 మంది బట్టతల మొదలైన మగవారి మీద జరిపిన పరిశీలన 2015లో వెలువడింది. సగం మందికి రోజ్‌మేరీ నూనె, సగం మందికి 2 శాతం మినాక్సిడిల్ ఆరు నెలలు వాడించారు. మూడు నెలలకు ఏ మార్పూ లేదు. ఆరు నెలలకు రెండు వర్గాల్లోనూ వెంట్రుకల సంఖ్య కొంత పెరిగింది, ఇద్దరికీ పెద్ద తేడా లేదు. వీడియోల్లో చెప్పేదంతా ఈ ఒక్క చిన్న పరిశీలన మీద కట్టిన మేడ. అందులో ఏ మందూ వాడని మూడో వర్గం లేదు. ఆడవారు లేరు. వాడినది నూనె, మీరు కొంటున్నది నీళ్ళు. కాబట్టి పనికిరాదని మేము అనడం లేదు, రుజువు చాలదు అంటున్నాము. ఆకులు మరిగించిన నీళ్ళు చల్లార్చి తలకు రాసుకుంటే నష్టం లేదు, ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజులకు మించి దాచకండి, పాడవుతాయి.

అయితే మా దగ్గరికి జుట్టు ఊడుతోందని వచ్చే ఆడవారిలో ముందు చూడవలసినవి రక్తహీనత, థైరాయిడ్. కాన్పు అయిన మూడు నాలుగు నెలలకు, డెంగీ, టైఫాయిడ్ వంటి జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. అది దానంతట అదే తిరిగి వస్తుంది. అప్పుడు ఏ సీసా చేతిలో ఉంటే ఆ సీసాకు పేరు వస్తుంది! వందలు పెట్టి స్ప్రే కొనేముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి, అంతకంటే తక్కువే అవుతుంది.

మొక్క పెంచుకోవాలన్న ముచ్చట ఉన్నవారిని మేము ఆపము. రోజ్‌మేరీకి మన ఎండ పరవాలేదు, వానే గిట్టదు. వేళ్ళ దగ్గర నీరు నిలిస్తే కుళ్ళిపోతుంది. ఎర్రమట్టిలో సగం ఇసుక కలిపి, అడుగున చిల్లు ఉన్న కుండీలో, మట్టి ఆరిన తరువాతే నీళ్ళు పోయాలి. విత్తనం కంటే కొమ్మ తేలిక. నీలగిరి కొండల చల్లదనంలో బాగా పెరిగే మొక్క ఇది, ఇక్కడ రెండేళ్ళు బతికితే మెచ్చుకోవాలి. సుగంధ మొక్కలను చెల్కలో పంటగా వేయాలనుకునే రైతు సోదరులు బోడుప్పల్‌లోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ వారిని కలవడం మంచిది. నిమ్మగడ్డి వంటివి వారికి బాగా తెలుసు.

నర్సరీలో 'ఇది పెడితే దోమలు రావు' అని చెప్పి అమ్మే కుండీల మాట నమ్మకండి. ఆకు నలిపితే తప్ప వాసన బయటికి పెద్దగా రాదు, ఊరికే నిలబడి ఉన్న మొక్కను చూసి దోమ భయపడదు. పైగా నేల పాడవుతుందని ఆ కుండీ కింద పళ్ళెం పెడతాము. ఆ పళ్ళెంలో నిలిచే మంచినీళ్ళే డెంగీ దోమకు పురిటిల్లు. గుడ్డు నుండి దోమ కావడానికి దానికి పది రోజులు కూడా పట్టదు. వారానికి ఒకసారి పళ్ళేలన్నీ బోర్లించి, లోపలి అంచును పీచుతో రుద్ది కడగండి. గుడ్లు అంచుకు అంటుకొని ఉంటాయి, నీళ్ళు పారబోస్తే పోవు.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఎప్పుడైనా పిల్లవాడు నూనె గానీ, కర్పూరం గానీ మింగితే వాంతి చేయించకండి. వాంతిలో నూనె ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వస్తుంది. పాలు, నెయ్యి తాగించకండి. మూర్ఛ వస్తుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. 108కి ఫోను చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆ సీసాను కూడా వెంట తెండి, ఖాళీదైనా సరే.